పెదనాన్న పాల సైకిల్, బావమరిది చక్రాలు: ఎనిమిది వారాల డైరీ

2025 జనవరి 12, ఆదివారం

సంక్రాంతికి పశువుల కొట్టం శుభ్రం చేస్తుంటే పెదనాన్న పాల సైకిల్ బయటపడింది. 28 అంగుళాల నల్ల అట్లాస్. వెనక రెండు క్యాన్లు తగిలించుకునే బలమైన క్యారియర్, దాని కింద డబుల్ స్టాండు. టైర్లు నేలకి అతుక్కుపోయాయి. పన్నెండేళ్ళుగా ఎవరూ తొక్కలేదు. అయినా ముందు చక్రం ఎత్తి తిప్పితే రెండు చుట్లు తిరిగి ఆగింది. పాత ఇనుము కింద ఇచ్చేద్దామన్నారు ఇంట్లో. నేను ఒప్పుకోలేదు. తెనాలి వీధుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా పాలు పోసిన బండి అది. పైగా ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ కూడా 2020 జూన్ 3న మూతపడింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే. ఇలాంటిది మళ్ళీ కొనుక్కుందామంటే కుదిరేది కాదు.

ఇంకోపక్క మా బావమరిది రోడ్ బైక్ మేడ మీద గదిలో ఏడాదిగా పడి ఉంది. కారు తలుపు తగిలి దాని అల్యూమినియం ఫ్రేము ముందు గొట్టం దగ్గర చీలింది. అల్యూమినియానికి వెల్డింగు పెడితే ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. మళ్ళీ హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే గానీ పాత బలం రాదు. కాబట్టి ఆ ఫ్రేము పని అయిపోయినట్టే. కానీ చక్రాలు, వంపు హ్యాండిల్, బ్రేకు లివర్లు, సీటు నిక్షేపంగా ఉన్నాయి.

అనుకున్నది ఇది: అట్లాస్ ఫ్రేముకి ఈ భాగాలు ఎక్కించి, తేలికగా, వేగంగా పోయే రోడ్డు సైకిల్ చెయ్యాలి. తెనాలి నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా పొద్దున్నే ఒక్క బిగిన తొక్కగలగాలి. ఫ్రేముకి రంగు వెయ్యకూడదు, వెల్డింగు పెట్టకూడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ పాల సైకిల్‌గా మార్చుకునేలా ఉండాలి.

సాయంత్రం పాత పేపర్ల కొట్టుకి నడిపించుకెళ్ళి కాటాకి వేలాడదీశాం. 24 కిలోల 600 గ్రాములు.

జనవరి 15, కనుమ

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఎక్కడికీ కదలకుండా రోజంతా సైకిల్ ముందే కూర్చున్నాను. క్యారియర్, స్టాండు, చైను కవరు, మడ్‌గార్డులు, రాడ్ బ్రేకులు అన్నీ ఊడదీశాను. తుప్పు పట్టిన నట్టులకు ముందు రాత్రే కిరసనాయిల్ పోసి ఉంచడం మేలైంది, ఒక్కటి కూడా విరగలేదు.

పొద్దంతా పట్టింది పెడల్ కాళ్ళకే, అంటే పెడళ్ళు తగిలించి ఉండే ఇనుప చేతులకే. ఈ సైకిళ్ళలో కాలినీ యాక్సిల్‌నీ కలిపి ఉంచేది కాటర్ పిన్ను. ఒక పక్క చదునుగా ఏటవాలు చేసిన చిన్న ఇనుప మేకు అది. ఆ చదును ముఖం యాక్సిల్ మీది చదునుకి ఆనుకుని బిగుస్తుంది. దాన్ని ఊరికే సుత్తితో కొడితే రెండు నష్టాలు. పిన్ను తల మొద్దుబారి లోపలే ఇరుక్కుంటుంది, పైగా దెబ్బంతా లోపలున్న గోళీల మీదా అవి కూర్చునే కప్పు మీదా పడుతుంది. మా వీధి చివర మెకానిక్ బాబాయ్ చెప్పిన పద్ధతి వేరు. నట్టు పూర్తిగా తియ్యకుండా చివరి మరల దాకా వదులు చెయ్యాలి. పెడల్ కాలి కింద, పిన్ను బయటికొచ్చే చోట, లావుపాటి గొట్టం ముక్క నిలబెట్టాలి. గొట్టం కింది కొస సిమెంటు నేల మీద ఆనాలి. అప్పుడు నట్టు మీద సుత్తితో ఒక్కటే దెబ్బ, భయపడకుండా. దెబ్బ బరువు గొట్టం మీదుగా నేలలోకి పోతుంది. కుడి కాలు మొదటి దెబ్బకే కదిలింది. ఎడమది మూడో దెబ్బకి, టక్కుమని.

పిన్నుల చదును ముఖం మీద అడ్డంగా గాడి పడి ఉంది. కొత్తవి కొనాలి.

జనవరి 19, ఆదివారం

ఈ రోజు పానా ముట్టుకోలేదు. వెర్నియర్, టేపు, నోటుపుస్తకం, అంతే. నా లెక్కలో ఈ మొత్తం ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన రోజు ఇదే. కొలవకుండా భాగాలు కొనేసి, తరవాత సుత్తితో ఫ్రేముని ఒప్పించాలని చూస్తే ఫ్రేము పాడవుతుంది.

చక్రాలు ముందు. పాత 28 అంగుళాల రిమ్ములో టైరు అంచు కూర్చునే వ్యాసం 635 మి.మీ. రోడ్ బైక్ 700సి చక్రానికి అదే 622. చక్రం చిన్నది కాబట్టి ఫ్రేములో పట్టడానికి ఇబ్బంది లేదు. కానీ రిమ్ము 6.5 మి.మీ. కిందికి జరుగుతుంది, బ్రేకు అంత కిందికి అందాలి. ఇంకోటి, పాత రాడ్ బ్రేకు రిమ్ము లోపలి ముఖాన్ని పైకి లాగి పట్టేది. కొత్త రిమ్ముకి బ్రేకు పక్కల నుంచి పట్టాలి. కాబట్టి రాడ్ బ్రేకుల కథ అక్కడితో ముగిసింది. మా వైపు వానల్లో స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు పట్టదన్న సంగతి పాల సైకిల్ తొక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. అల్యూమినియం రిమ్ము ఆ విషయంలో చాలా నయం.

ముందు ఫోర్కు కాళ్ళ మధ్య ఖాళీ 91 మి.మీ., కొత్త చక్రం మధ్యలోని హబ్బు 100. యాక్సిల్ కూర్చునే గాడి వెడల్పు 8, కొత్త యాక్సిల్ 9.

వెనక ఖాళీ 112. బావమరిది చక్రం హబ్బు 130. ఇక్కడే ఆగి చాలాసేపు ఆలోచించాను. స్టీలు ఫ్రేముని 18 మి.మీ. సాగదియ్యడం అసాధ్యం కాదు, చేసినవాళ్ళు ఉన్నారు. కానీ ఆ 130 ఎందుకు? ఏడు పళ్ళ చక్రాల గేర్లు పట్టడానికి. మాది డెల్టా నేల. తెనాలి నుంచి కృష్ణ దాకా కాలవ వంతెనలు తప్ప ఎత్తే లేదు. గేర్లు తీసేసి ఒకటే ఫ్రీవీలు (వెనక చైను తిరిగే పళ్ళ చక్రం) పెడితే హబ్బులో పక్కన వేసిన గొట్టం ముక్కలు తీసేయొచ్చు, వెడల్పు 116కి వస్తుంది. ఫ్రేముని 4 మి.మీ. జరిపితే చాలు. ఆ హబ్బు మీది మర, మామూలు సింగిల్ ఫ్రీవీలు మర ఒకటే. గేర్లు వదులుకుంటున్నందుకు బాధేమీ లేదు. ఈ ఫ్రేము గేర్ల కోసం పుట్టింది కాదు.

జనవరి 26, ఆదివారం

ఫ్రేము వంకర చూసే దారం పరీక్ష. వెనక ఎడమ గాడికి దారం కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, మళ్ళీ వెనక కుడి గాడికి తెచ్చి బిగించాలి. దారం సీటు గొట్టానికి రెండు పక్కలా ఎంత దూరంలో పోతోందో కొలవాలి. రెండూ సమానమైతే ఫ్రేము వెనక భాగం మధ్యలో ఉన్నట్టు.

ఎడమ 31 మి.మీ. కుడి 29. మూడుసార్లు కట్టి చూశాను, అదే లెక్క.

పెదనాన్న అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. "కుడి పక్క లోపలికొచ్చిందా?" అని అడిగారు. వచ్చిందన్నాను. "కాలవ గట్టు మీద వానకి జారిపడ్డాన్రా ఒకసారి. రెండు క్యాన్లూ నిండుగా ఉన్నాయి. కుడి పక్కకే పడింది బండి. లేపి చూస్తే చక్రం గొట్టానికి రాసుకుంటోంది. చేత్తో లాగి సరిచేసుకుని పోయాను, పాలు అందించాలి గదా" అన్నారు. ఆ చేత్తో లాగినప్పుడు మిగిలిపోయిన కాస్తే ఇన్నాళ్ళూ అలా ఉండిపోయింది. ఆ తరవాత ఎన్నేళ్ళు తొక్కారో అదే వంకరతో.

మంచి సంగతేమిటంటే, వెనక చక్రానికి కుడి పక్కనున్న గొట్టాన్ని 4 మి.మీ. బయటికి జరిపితే వంకరా పోతుంది, 112 కాస్తా 116 అవుతుంది. ఎడమ దాన్ని తాకనక్కర్లేదు.

సరుగుడు కర్ర ఒకటి తెచ్చి, సీటు గొట్టం పక్క నుంచి ఎడమ గొట్టం లోపలి ముఖానికి ఆనించి, కుడి గొట్టాన్ని నెమ్మదిగా బయటికి నెట్టాను. ఆనే చోట్ల పాత టైరు ముక్కలు చుట్టాను, రంగు పోకుండా. స్టీలు వెంటనే లొంగదు. 10 మి.మీ. నెట్టి వదిలితే మళ్ళీ యథాస్థానానికి వచ్చేసింది. 15కీ అంతే. 22 దగ్గర చేతికి చిన్న తేడా తెలిసింది, బిగువు కాస్త తగ్గినట్టు. వదిలి కొలిస్తే ఒకటిన్నర నిలిచింది. అక్కణ్ణుంచి ఒక్కో మిల్లీమీటరు పెంచుతూ, ప్రతిసారీ దారం కట్టి కొలుస్తూ పోయాను. ఒకేసారి ఎక్కువ నెడితే తిరిగి లోపలికి వంచాలి. ఒకే చోట అటూ ఇటూ వంచితే స్టీలు అలిసిపోతుంది. గంటన్నర తరవాత ఎడమ 31, కుడి 31. వెనక ఖాళీ 116.

పెదనాన్న లేచి వచ్చి దారాన్ని వేలితో మీటి చూశారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

వెనక చక్రం పని. గుల్ల యాక్సిల్ తీసేసి, 10 మి.మీ. గట్టి యాక్సిల్ వేసి రెండు పక్కలా నట్టులు పెట్టాను. ఒకే గేరు బండిలో చైను బిగువు నిలబెట్టేది ఆ నట్టులే. ఫ్రేము గాడి తొమ్మిదిన్నర ఉంది, రెండంచులా ఆకురాయితో పావు పావు మి.మీ. తీశాను.

పక్క ముక్కలు తీసేయగానే రిమ్ము మధ్య తప్పింది. గేర్ల చక్రంలో రిమ్ము కుడికి లాగి ఉంటుంది, గేర్లకు చోటిచ్చేందుకు. ఇప్పుడు దాన్ని ఎడమకి తేవాలి: కుడి పుల్లలు వదులు, ఎడమ పుల్లలు బిగువు, పుల్ల కొసన ఉండే చిన్న నట్టు, నిప్పిల్, ఒక్కోటీ అర చుట్టు చొప్పున. నాకు బెండు తీయడం కొంత వచ్చు గానీ ఇది అంతకన్నా పెద్ద పని. మెకానిక్ బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన పని మొదలుపెట్టే ముందు పుల్లల్ని రెండేసి చొప్పున పిసికి చూశారు. "ఇదివరకు కుడి బిగువు, ఎడమ లూజు అబ్బాయ్. ఇప్పుడు రెండూ ఒక్కలాగా వస్తాయి. చక్రానికి బలం" అన్నారు. నిజమే. రెండు వైపులా పుల్లలు సమానంగా లాగితే చక్రం బరువుకీ గుంతకీ బాగా ఓర్చుకుంటుంది. గేర్లు తీసేయడం వల్ల కలిసొచ్చిన లాభం ఇది.

ఫ్రీవీలుకి ఎన్ని పళ్ళు? పెడల్ దగ్గరి పళ్ళ చక్రానికి 44 పళ్ళు, పాత ఫ్రీవీలుకి 18. పాత పెద్ద టైరుతో పెడల్ ఒక చుట్టుకి బండి సుమారు 5.46 మీటర్లు పోయేది. చిన్న చక్రానికి అదే 18 పెడితే 5.27కి తగ్గుతుంది. 16 పళ్ళది వేస్తే 5.93 మీటర్లు. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 28 కిలోమీటర్ల పైమాటే. 16 తెచ్చాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

ముందు ఫోర్కు వెడల్పు చెయ్యడం అరగంట పని, కాళ్ళు పొడవు కాబట్టి సులువుగా కదిలాయి. ఒక్కో కాలు నాలుగున్నర మి.మీ. గాడిని 8 నుంచి 9కి రాకడం మాత్రం జాగ్రత్తగా చేశాను. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ తీస్తే చక్రం ఓరగా కూర్చుంటుంది. ప్రతి నాలుగు రాకుళ్ళకీ చక్రం పెట్టి చూసుకున్నాను.

తరవాత గోళీలు. ముందు హబ్బుకి 3/16 అంగుళం, వెనకకీ పెడల్ యాక్సిల్‌కీ పావు అంగుళం. పాత గ్రీజు నల్ల తారులా గట్టిపడింది. పెడల్ యాక్సిల్ కుడి కప్పు మర తిరగమరలా ఉంటుంది, అది బాగానే ఉంది కాబట్టి ఊడదియ్యకుండా అక్కడే కడిగాను. గ్రీజు పూసి ఒక్కో గోళీ అమరుస్తుంటే కాలిఫోర్నియాలో 1970ల కుర్రాళ్ళు గుర్తొచ్చారు. పాత ష్విన్ క్రూయిజర్ సైకిళ్ళతో ఫెయిర్‌ఫాక్స్ దగ్గర కొండ దిగితే వెనక హబ్బు బ్రేకు వేడికి గ్రీజంతా పొగైపోయేదట. దిగిన ప్రతిసారీ హబ్బు విప్పి గ్రీజు నింపుకోవాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు పెట్టారు. వాళ్ళు ఆ మొద్దు సైకిళ్ళకి గేర్లు, మంచి బ్రేకులు తగిలిస్తూ పోయారు, మౌంటెన్ బైక్ అక్కణ్ణుంచే పుట్టింది.

కొత్త కాటర్ పిన్నులు కూడా ఈ రోజే. కొత్తవి నేరుగా కొట్టేయకూడదు. రెండింటి ఏటవాలు ఒక్కలా లేకపోతే పెడల్ కాళ్ళు ఒకే గీతలోకి రావు, తొక్కేటప్పుడు కాలు కాలుకీ తేడా తెలుస్తుంది. చదును ముఖాన్ని ఆకురాయితో సమంగా రాకి, తొడిగి, తీసి, మెరుపు ఎక్కడ పడిందో చూసి మళ్ళీ రాకాను. ముఖమంతా మెరుపు పడితే పూర్తిగా ఆనినట్టు. రెండు పిన్నుల్నీ ఒకదానికొకటి ఎదురు దిక్కుగా కొట్టాలి.

ఫిబ్రవరి 16, ఆదివారం

హ్యాండిల్. పాతది రాడ్ బ్రేకులతో కలిసి ఒకే ముక్క. ఫోర్కు గొట్టం లోపలి కొలత 22.2 మి.మీ., అందులో కూర్చునే అడాప్టరు ఒకటి తెప్పించి, దాని మీద బావమరిది స్టెమ్ము (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క), వంపు హ్యాండిల్ బిగించాను. తీగలు, లివర్లు త్వరగానే అయ్యాయి.

బ్రేకులు త్వరగా అవలేదు. రోడ్ బైక్ బ్రేకులు ఎంత దించినా 49 మి.మీ. కిందికే అందుతాయి. ఈ ఫ్రేములో ముందు బోల్టు రంధ్రం నుంచి రిమ్ము దాకా 72, వెనక 84. చక్కని బ్రేకులు, కానీ ఇక్కడ పనికిరావు. లేడీస్ సైకిళ్ళకు వేసే పొడుగు చేతుల స్టీలు బ్రేకులు బజార్లో జత 350కి దొరికాయి. 75 దాకా అందుతాయి. ముందు సరిపోయింది. వెనక ఇంకా 9 తక్కువ. వెల్డింగు కొట్టులో 3 మి.మీ. ఇనుప పట్టీకి రెండు రంధ్రాలు వేయించి, పై రంధ్రం ఫ్రేముకి, కింది రంధ్రం బ్రేకుకి బిగించాను. ముందు బ్రేకు కూడా ఇలా పట్టీకి వేలాడదీయాల్సి వస్తే నేను ఈ ప్రాజెక్టే మానేసేవాణ్ణి. సైకిల్ ఆగేది ఎక్కువగా ముందు బ్రేకు మీదే, దాన్ని నేరుగా ఫోర్కుకే బిగించాలి.

ఫిబ్రవరి 23, ఆదివారం

మొదటిసారి రోడ్డెక్కించాను. 700 బై 32 టైర్లు వేశాను, మా రోడ్ల గుంతలకి అంతకన్నా సన్నం వద్దు. ఎక్కి పది తొక్కులు తొక్కగానే తేడా తెలిసింది. బండి కదలడానికి బతిమాలించుకోవడం లేదు. తొక్కితే వెంటనే పోతోంది. అయినా పాత తీరు పోలేదు. ముందు చక్రం కాస్త ముందుకి చాపుకుని ఉంటుంది కాబట్టి గుంతలో పడ్డా హ్యాండిల్ చేతిలో అదరదు.

రెండు ఇబ్బందులు. ఒకటి, ఆరో కిలోమీటరు దగ్గర కుక్క అడ్డమొస్తే గట్టిగా బ్రేకు పట్టాను. వెనక నుంచి కర్రుమని శబ్దం. పట్టీ మెలి తిరిగింది, బ్రేకు రబ్బరు జారి టైరుని రాసుకుంటోంది. తిరిగే రిమ్ము బ్రేకుని తనతో లాక్కుపోవాలని చూస్తుంది, 3 మి.మీ. పట్టీ ఆ లాగుడికి ఆగలేదు. లెక్క వేసుకోకుండా పట్టీ పెట్టడం నా తప్పు. వెనక బ్రేకు విప్పేసి, ముందు బ్రేకుతోనే నెమ్మదిగా ఇంటికొచ్చాను.

రెండోది నడుం నొప్పి. ఈ ఫ్రేములో సీటు గొట్టం బాగా వెనక్కి వాలి ఉంటుంది, నిటారుగా కూర్చుని తొక్కడానికి చేసినది. దాని మీద 100 మి.మీ. స్టెమ్ము, వంపు హ్యాండిల్ పెడితే ఒళ్ళంతా సాగదీసినట్టే.

మార్చి 2, ఆదివారం

వెనక పట్టీ కొత్తది: 6 మి.మీ. మందం, పై అంచున సగం గుండ్రపు గాడి. ఆ గాడి ఫ్రేము అడ్డ గొట్టం మీద జీను వేసినట్టు కూర్చుంటుంది, తిరగడానికి వీలుండదు. బండిని పట్టుకుని, చక్రం తిప్పి, ఇరవైసార్లు బ్రేకు పట్టి చూశాను. కదల్లేదు. స్టెమ్ము 60 మి.మీ.ది మార్చి, సీటుని పట్టాల మీద చివరి దాకా ముందుకి జరిపాను. దుగ్గిరాల వైపు పది కిలోమీటర్లు పోయి వచ్చాను, నడుం హాయిగా ఉంది.

కాటా మీద మళ్ళీ: 14 కిలోల 900 గ్రాములు. పది కిలోలకి కాస్త తక్కువగా తగ్గింది. అందులో సగం దాకా క్యారియర్, స్టాండువే.

మార్చి 9, ఆదివారం

తెల్లవారుజామున అయిదుంబావుకి బయల్దేరాను. కాలవ పక్క రోడ్డు, ఎదురుగాలి లేదు. దుగ్గిరాల దాటేటప్పుడు పసుపు వాసన గుప్పుమంది, ఇది పంట చేతికొచ్చే కాలం. రేవేంద్రపాడు దగ్గర ఒక్కసారి ఆగి చైను చూసుకున్నాను, బిగువు అలాగే ఉంది. సీతానగరం వైపు నుంచి బ్యారేజీ ఎక్కేసరికి ఆరు నలభై. గంటా ఇరవై అయిదు నిమిషాలు. 1957లో కట్టిన ఆ బ్యారేజీ మీద, గేట్ల పక్కన బండి ఆనించి నీళ్ళు తాగుతుంటే ఒక పెద్దాయన ఆగి, "అట్లాసేనా ఇది?" అని ముందు గొట్టం మీది బిళ్ళ తడిమి చూశారు. అవునండీ అన్నాను. చక్రాలు చూసి, మళ్ళీ బిళ్ళ చూసి, వంగి వెనక బ్రేకు పట్టీ దాకా అన్నీ అడిగారు. పావుగంట అక్కడే గడిచింది.

తిరిగొచ్చాక కాటర్ నట్టులు రెండూ మళ్ళీ బిగించాను. కొత్త పిన్నులు మొదటి యాభై కిలోమీటర్లలో కాస్త లోపలికి కూర్చుంటాయి, అప్పుడు బిగించకపోతే ఊగి గాడి పడుతుంది. ఎడమది పావు చుట్టు తిరిగింది, కుడిది అంతకన్నా తక్కువ.

ఖర్చు అంతా కలిపి 4,150 రూపాయలు. టైర్లూ ట్యూబులే అందులో సగం పైన.

ఊడదీసిన భాగాలన్నిటికీ కిరసనాయిల్ పెట్టి తుడిచి, నూనె పూసి, గోతాంలో కట్టి అటక మీద పెట్టాను. పాత ఫ్రేములో నేను శాశ్వతంగా మార్చింది గాడుల అంచులు, ఫోర్కు కాళ్ళ ఖాళీ, సరిచేసిన ఆ కుడి గొట్టం మాత్రమే. వానాకాలం లోపల సన్నటి మడ్‌గార్డులు, ముందు లైటు పెట్టాలి. లైటు బిగించే కొక్కెం ఫోర్కు మీద పాతదే ఉంది, వంగిన చోట సరిచేస్తే చాలు.